హేబియస్ పిటిషన్: వాదన వదులుకోవాలా, స్టే అడగాలా?

అమెరికాలో రాష్ట్ర జైలు ఖైదీ ఫెడరల్ కోర్టులో హేబియస్ పిటిషన్ (తనను జైల్లో ఉంచడం చట్టవిరుద్ధమని సవాలు చేసే పిటిషన్) వేస్తే, అందులోని ప్రతి వాదనా ముందు రాష్ట్ర కోర్టుల్లో చివరిదాకా వినిపించి ఉండాలి. ఒక్కటి అలా వెళ్లకపోయినా చిక్కే.

అప్పుడు ఆ వాదనను తీసేసి మిగతావాటితో ముందుకెళ్లొచ్చు. పని త్వరగా తెములుతుంది. కానీ తీసేసినదాన్ని పట్టుకుని మళ్లీ రావడం చాలా కష్టం. రెండో పిటిషన్‌కు అప్పీల్ కోర్టు అనుమతి కావాలి, ఆ షరతులు కఠినం. లాయర్ సరిగ్గా వాదించలేదన్నదే కేసులో అసలు బలమైతే, దాన్ని వదిలేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

లేదా స్టే అడగాలి. కేసును అక్కడే ఆపించి, రాష్ట్ర కోర్టుకెళ్లి రావాలి. 2005లో రైన్స్ వర్సెస్ వెబర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. ముందే అక్కడికి ఎందుకు వెళ్లలేదో తగిన కారణం చూపాలి, వాదనలో పస ఉండాలి, కావాలని సాగదీసినట్టు కనిపించకూడదు.

అసలు టెన్షన్ గడువుతోనే. ఫెడరల్ హేబియస్ పిటిషన్ వేయడానికి 1996 చట్టం ఇచ్చింది ఒక్క ఏడాది, సాధారణంగా తీర్పు ఖాయమైన రోజు నుంచి. రాష్ట్ర కోర్టులో సక్రమంగా వేసిన పిటిషన్ నడిచినంతకాలం ఆ లెక్క ఆగుతుంది. ఫెడరల్ పిటిషన్ పెండింగ్‌లో ఉంటే ఆగదు, కాబట్టి స్టే లేకుండా దాన్ని వెనక్కి తీసుకుంటే మళ్లీ వేసేలోపు గడువు దాటిపోవచ్చు. అందుకే కారణం చూపగలిగితే ముందు స్టేనే అడగాలంటాను. కోర్టు కాదంటే, అప్పుడైనా ఆ వాదన తీసేసుకునే అవకాశం ఉంటుంది.