సర్వీస్ బిల్లు అడుగున కనిపించే సీసాలు: పదేళ్ల వాడకం తర్వాత నా లెక్క

కారును సర్వీసుకు ఇచ్చి సాయంత్రం బిల్లు అందుకుంటే, అడుగున మూడు నాలుగు వరుసలు మనం అడగకుండానే చేరి ఉంటాయి. ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్, ఇంజెక్టర్ క్లీనర్, ఒక్కోచోట ఇంజిన్ కోటింగ్ కూడా. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటి నాలుగైదు వందల నుంచి వెయ్యి రూపాయల లోపే. కలిపి చూస్తే అసలు ఆయిల్ ఖరీదును దాటిపోతాయి.

మా ఇంట్లో రెండు మారుతి బండ్లు ఉన్నాయి. ఒకటి 2011 నాటి పెట్రోల్ వ్యాగన్ ఆర్, రెండోది 2013 నాటి డీజిల్ స్విఫ్ట్. మొదటిది హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలుగుతుంది, రెండోది ఎక్కువగా విజయవాడ రోడ్డు మీద తిరుగుతుంది. పదేళ్లకు పైగా ఈ రెండింటిలో రకరకాల సీసాలు పోసి చూశాను. ఇంజిన్ ఆయిల్‌లో కలిపేవి దండగ అన్నది నా అభిప్రాయం. పెట్రోలులో కలిపేవాటిలో ఒక రకం మాత్రం, అదీ ఒక సందర్భంలోనే, పెట్టిన డబ్బుకు తగిన పని చేసింది. డీజిల్‌లో కలిపినవాటి వల్ల నాకు కనిపించిన మేలేమీ లేదు.

ముందు ఆయిల్ సంగతి చూద్దాం. డబ్బాలో ఉన్నదంతా ఒట్టి నూనే అనుకుంటాం గానీ, అందులో దాదాపు పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా రసాయనాలే ఉంటాయి. మసిని కడిగేది ఒకటి, కడిగిన మసి గడ్డకట్టకుండా నూనెలోనే తేలేలా పట్టి ఉంచేది మరొకటి, లోహం అరగకుండా కాపాడే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం ఇంకొకటి. నురగ రాకుండా, వేడికి పలచబడకుండా చూసేవి వేరు. వీటిని పాళ్లు కుదిర్చి, ఇంజిన్లలో నడిపి చూసి, పాసైతేనే డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణాలైన ఎస్‌ఎన్, ఎస్‌పీ లాంటి ముద్ర వేస్తారు. స్విఫ్ట్ ఇంజిన్ పట్టేది మూడు లీటర్ల పైచిలుకు. అందులో 300 మిల్లీలీటర్ల సీసా పోస్తే, కుదిరిన పాళ్లలో పదో వంతు మనమే మార్చేసినట్టు. ఉప్పు సరిపోయిన పులుసులో ఇంకో గుప్పెడు వేయడం లాంటిదే. ఆ తర్వాత ఆ నూనెకు డబ్బా మీది ముద్ర వర్తించదు.

జింకు, ఫాస్ఫరస్ ఎక్కువైతే అరుగుదల ఇంకా తగ్గుతుంది కదా అని ఒక సర్వీస్ అడ్వైజర్ నాతో వాదించాడు. తగ్గదు సరికదా, ఇంకో చిక్కు వస్తుంది. నూనె ఎంతో కొంత కాలి పొగ గొట్టంలోకి వెళ్తుంది. అందులోని ఫాస్ఫరస్ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చంపుతుంది. అందుకే పెట్రోల్ కార్ల పలచని నూనెల్లో ఫాస్ఫరస్ 0.08 శాతానికి మించకూడదని ప్రమాణాల్లోనే హద్దు పెట్టారు. బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. లోహ సమ్మేళనాలు కాలాక మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుంటే ఇక పోదు. హోండా కార్లతో ఇచ్చే చేతిపుస్తకం అయితే మా బండికి ఆయిల్ ఎడిటివ్‌లు, అంటే విడిగా కలిపే ఇలాంటి సీసాలు, అవసరం లేదని, వాటితో ఇంజిన్ మన్నిక దెబ్బతినవచ్చని సూటిగానే చెబుతుంది.

స్విఫ్ట్‌లో నేను ఎక్కువ కాలం వాడింది మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ కలిపిన నల్లని ద్రవం. జర్మనీ కంపెనీ లిక్వీ మోలీ 1957లో మొదలైంది ఈ రకం సరుకుతోనే కాబట్టి ఇది నిన్నమొన్నటి గిమ్మిక్కు కాదు. పోసిన రోజు ఇంజిన్ చప్పుడు నిజంగానే మెత్తబడింది. అయితే పోసింది ఆయిల్ మార్చిన రోజే. కొత్త ఆయిల్ పడిన ఏ డీజిల్ బండైనా ఆ రోజు మెత్తగానే మోగుతుంది. తర్వాతి సర్వీసులో ఆయిల్ మాత్రమే మార్చి, సీసా పోయకుండా ఊరుకున్నాను. అదే మెత్తదనం, అదే చప్పుడు. తేడా ఒక్కచోటే కనిపించింది: ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి లాగితే బూడిద రంగు కలిసిన నలుపు, గుడ్డతో తుడిచినా వేలికి అంటుకునే మెరుపు. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ ఎలాగూ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది, అది మసిని పట్టుకుంటున్నదనడానికి గుర్తు. ఇది పోశాక మాత్రం రంగు చూసి ఏమీ చెప్పలేని స్థితి వచ్చింది.

ఎగ్జిబిషన్లలో, ఆటో విడిభాగాల దుకాణాల ముందు ఒక చిన్న యంత్రం పెట్టి చూపిస్తుంటారు. తిరిగే చక్రానికి ఒక బేరింగును ఆనించి నొక్కుతారు. మామూలు ఆయిల్‌తో అయితే కీచుమని ఆగిపోతుంది. వాళ్ల సీసా నాలుగు చుక్కలు వేస్తే ఎంత నొక్కినా తిరుగుతూనే ఉంటుంది. చుట్టూ చేరినవాళ్లు నోరెళ్లబెడతారు. యంత్రం అబద్ధమాడదు. కానీ అది కొలిచేది లోహానికి లోహం ఒరుసుకునేటప్పటి విపరీతమైన ఒత్తిడిని. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, దాని బేరింగులు నడిచే తీరు వేరు. అక్కడ పంపు తోసిన నూనె పొర మీద షాఫ్ట్ తేలుతూ తిరుగుతుంది, లోహాలు ఒకదానికొకటి తగలవు. పైగా ఈ ప్రదర్శనలో బాగా నెగ్గేవి క్లోరిన్ ఉన్న సమ్మేళనాలు. అవే ఇంజిన్ వేడిలో ఆమ్లంగా మారి లోహాన్ని తినగలవు. ఇలాంటి గొప్పలు అమెరికాలో కేసుల దాకా వెళ్లాయి. టెఫ్లాన్ జాతి పొడి కలిపిన స్లిక్ 50 అరుగుదల తగ్గిస్తుందని చేసిన ప్రకటనలకు ఆధారాల్లేవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 1997లో కంపెనీ రాజీకి వచ్చింది. జెడ్‌మ్యాక్స్, డ్యూరా ల్యూబ్ అనే సీసాల మీద కూడా ఇలాంటి కేసులే నడిచాయి.

ఇక పెట్రోలు. ఇక్కడ నా గొంతు కాస్త మారుతుంది.

వ్యాగన్ ఆర్ రోజూ కూకట్‌పల్లి, అమీర్‌పేట మధ్య ఈదే బండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే ప్రయాణాలు ఎక్కువ. కొన్నేళ్లకు పొద్దున స్టార్ట్ చేయగానే వణుకు, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు చిన్న కుదుపు మొదలయ్యాయి. మెకానిక్ చేత ముందు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించి ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను. కుదుపు సగం తగ్గింది. కొన్ని వారాలు అలాగే నడిపి, మిగిలింది మిగిలినట్టే ఉందని తేలాక, పాలీ ఈథర్ అమీన్ ఉన్న క్లీనర్ ట్యాంకులో పోశాను. రెండు ట్యాంకులు అయ్యేసరికి పొద్దుటి వణుకు దాదాపు పోయింది. మైలేజీ పెరిగిందా అంటే, పెరగలేదు. పికప్ కొత్త బండిలా అయిందా అంటే, అదీ లేదు. పోగొట్టాల్సినదాన్ని పోగొట్టింది, అంతే.

ఈ రసాయనం పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూతి మీదా, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనకా పేరుకున్న మడ్డిని పట్టి ఊడదీస్తుంది. వేడికి నిలుస్తుంది కాబట్టి సిలిండర్ లోపలి మడ్డి మీద కూడా కొంత పనిచేస్తుంది. అన్ని సీసాల్లో ఇది ఉండదు. చాలావాటిలో ఉండేది కిరోసిన్ లాంటి ద్రావకమే. సీసా మీది బొమ్మలు, గుర్రపు శక్తి మాటలు చూడకుండా, కంపెనీ విడుదల చేసే భద్రతా పత్రంలో (సేఫ్టీ డేటా షీట్) ఈ పేరు ఉందో లేదో చూస్తే చాలు. ఆయిల్ మార్పించబోయే ముందు ట్యాంకులో పోయడం మంచిది. ఊడిన మడ్డి, కాలని రసాయనం కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతుంది, ఆ ఆయిల్ ఎలాగూ మారిపోతుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బండి ఉన్నవాళ్లు మాత్రం, అంటే ఫోక్స్‌వ్యాగన్ టీఎస్‌ఐ, హ్యుందాయ్, కియా టర్బో బండ్లవాళ్లు, వాల్వులు శుభ్రపడతాయని దీని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. అందులో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వును అది తాకనే తాకదు, ఇక కడిగేదెక్కడ?

ప్రీమియం పెట్రోల్ ఇదే పని చేస్తుంది కదా అని అడుగుతారు. పెట్రోలులో శుభ్రపరిచే రసాయనం ఉండటం మంచిదే. అమెరికాలో మోటారు వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో చేసిన పరీక్షల్లో, శుభ్రపరిచే రసాయనం తగినంత ఉండాలనే టాప్ టియర్ ప్రమాణానికి తూగే పెట్రోలుతో పోలిస్తే మామూలు పెట్రోలుతో మడ్డి 19 రెట్లు ఎక్కువ పేరుకుంది. మన దగ్గర జియో-బీపీ తన బంకుల్లో ఎడిటివ్ కలిపిన ఇంధనాన్ని అదనపు ధర లేకుండానే అమ్ముతోంది. మిగతా బంకుల్లో అలాంటి పెట్రోలుకు లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ పెట్టాలి. నా వ్యాగన్ ఆర్ నగరంలో లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంది. పది వేల కిలోమీటర్లకు దాదాపు 625 లీటర్లు, అంటే అయిదు వేల రూపాయల దాకా అదనం. అదే దూరానికి ఒక సీసా వాడినా ఆరేడు వందలే. ఆక్టేన్ 95 అన్నది మరో ముచ్చట. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను, అంటే ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడడాన్ని, పెట్రోలు తట్టుకునే శక్తి. నాకింగ్ లేని మామూలు ఇంజిన్‌కు ఆక్టేన్ పెంచితే బలం పెరగదు.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక దానికి విరుగుడు అంటూ కొత్త సీసాలు దిగాయి. ఇథనాల్‌లో పెట్రోలుకంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. పాత బండ్లకు మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి ప్రణాళికలోనే రాసింది. 30 లీటర్ల పెట్రోలులో 300 మిల్లీలీటర్లు పోస్తే ఆ లోటు ఎక్కడినుంచి పూడుతుంది? పాత రబ్బరు గొట్టం ఉబ్బితే మార్చడమే, సీసాతో నయం కాదు.

డీజిల్ సీసాల మీద నా విసుగుకు కారణం మైలేజీ లెక్కే. స్విఫ్ట్‌కు హైదరాబాద్-విజయవాడ దారిలో ట్యాంకు నింపి, మళ్లీ నింపి కొలిచాను. ఏ సీసా పోయకుండానే ఒకసారి 21, ఇంకోసారి 22.5 వస్తుంది. ఎదురుగాలి, ఏసీ, పండగ రద్దీలో పంతంగి టోల్‌గేటు దగ్గర నిలబడ్డ సమయం, బంకులో నాజిల్ ఎక్కడ ఆగిందన్నది, ఇవన్నీ కలిసి ఏడు శాతం తేడా తెస్తున్నాయి. సీసా వాగ్దానం చేసేది అయిదు శాతం. ఆ గోలలో దాని అయిదు శాతాన్ని పట్టుకోవడం అసాధ్యం. పైగా ఆరు వందలు పెట్టి పోసినవాడు ఆ ట్యాంకు అయ్యేదాకా యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతాడు, ఇది నా అనుభవమే.

ఆ బండి పికప్ నిజంగా తగ్గినప్పుడు జబ్బు ఇంజెక్టర్లలో లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ ఈజీఆర్ వాల్వు, అంటే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది, విప్పి చూపించాడు. వేలు పట్టాల్సిన దారి పెన్సిల్ పట్టేంతగా పూడుకుపోయింది. మసి, ఆయిల్ ఆవిరి కలిసి తారులా గట్టిపడితే స్క్రూడ్రైవర్‌తో గీకితే గానీ రాలేదు. డీజిల్ ఆ దారిన పోదు కాబట్టి డీజిల్‌లో ఏమి కలిపినా అక్కడికి చేరదు. "ఇన్నాళ్లూ డీజిల్‌లో పోసింది ఇక్కడికెలా వస్తుందండీ?" అని అతను నవ్వాడు. అది శుభ్రం చేయించి, డీజిల్ ఫిల్టర్ మార్పించాక బండి మామూలయింది.

మా బాబాయి తన పాత సుమోలో ఏళ్లుగా డీజిల్‌తో పాటు టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతాడు, గంధకం తీసేసిన డీజిల్‌తో పంపు ఎండిపోతుందని ఆయన భయం. బీఎస్6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పది పాళ్లకు మించకూడదు, దాంతో జారుడుతనం తగ్గే మాటా నిజమే. కానీ ఆ లోటు తీర్చే రసాయనాన్ని రిఫైనరీలోనే కలుపుతారు, జారుడుతనానికి విడిగా ప్రమాణం, పరీక్ష కూడా ఉన్నాయి. ఇదంతా చెబితే "నీ లెక్కలు నీవి, నా బండి నాది అబ్బాయ్" అన్నాడు. ఆ సుమోకు మసి ఫిల్టర్ లేదు కాబట్టి వాదించలేదు. ఆయన అల్లుడి కొత్త బీఎస్6 బండిలో మాత్రం పోయవద్దని మాట తీసుకున్నాను.

ఇప్పుడు వ్యాగన్ ఆర్‌కు పదిహేను వేల కిలోమీటర్లకు ఒక క్లీనర్ సీసా, అదీ ఆయిల్ మార్పుకు ముందు. కంపెనీ గడువు పది వేలయినా, నగరపు ట్రాఫిక్ కాబట్టి ఆయిల్ మాత్రం ఏడున్నర వేలకే మార్పిస్తున్నాను. ప్రతి ఆయిల్ మార్పుకూ సీసా పోయను, ఒకటి విడిచి ఒకటి. స్విఫ్ట్‌కు ఏదీ లేదు. సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ఫ్లష్, ట్రీట్‌మెంట్, కోటింగ్ వద్దని రాయించి, సంతకం చేశాకే తాళం ఇస్తాను.