ల్యాబ్‌వ్యూ సబ్‌వీఐలు: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలబడింది, ఏది చెయ్యిచ్చింది

బొమ్మలను వైర్లతో కలిపి ప్రోగ్రాం రాసే ల్యాబ్‌వ్యూలో బ్లాక్ డయాగ్రామ్ (ఆ బొమ్మల కోడ్) చూడటానికి తెరను పక్కకు జరుపుకోవాల్సి వస్తోందంటే, అందులో సబ్‌వీఐగా (ఇంకో ప్రోగ్రాం లోపల పిలిచే చిన్న ప్రోగ్రాంగా) విడదీయాల్సిన ముక్క ఒకటి ఉన్నట్టే. టెక్స్ట్ భాషల్లో ఫంక్షన్ పేరు, ఆర్గ్యుమెంట్లు చేసే పనిని ఇక్కడ ఐకాన్, కనెక్టర్ పేన్ (వైర్లు కలిపే చోట్ల, అంటే టెర్మినళ్ల, పటం) చేస్తాయి. 1986లో మాకింటోష్ మీద వచ్చిన తొలి ల్యాబ్‌వ్యూ నుంచీ ప్రతి వీఐ (ల్యాబ్‌వ్యూ ప్రోగ్రాం) ఇంకో వీఐలో నోడ్‌గా (ఒక బొమ్మగా) కూర్చోగలదు. ఇంత గట్టి ఏర్పాటు గ్రాఫికల్ భాషల్లో అరుదు. ఇబ్బందులు వచ్చేది దాని అంచుల దగ్గర.

కావలసిన భాగాన్ని ఎంచుకుని ఎడిట్ మెనూలో క్రియేట్ సబ్‌వీఐ నొక్కితే, ఆ ముక్క కొత్త వీఐలోకి పోతుంది. తెగిన వైర్లకు కంట్రోళ్లు (ఇన్‌పుట్ గడులు), ఇండికేటర్లు (ఫలితం చూపే గడులు) అవే పుడతాయి, కనెక్టర్ పేన్ కూడా అదే కలిపేస్తుంది. అయితే దీన్ని చిత్తుప్రతిగానే చూడాలి. పేర్లను నోడ్ టెర్మినళ్ల నుంచి తీసుకుంటుంది కాబట్టి తరచూ ‘ఎక్స్ ప్లస్ వై’ లాంటి లేబుళ్లు మిగులుతాయి. ఎంచుకున్న భాగంలో ఏదైనా కంట్రోల్‌కు చెందిన ప్రాపర్టీ నోడ్ (దాని రూపాన్ని, లక్షణాలను చదివే, మార్చే నోడ్) ఉంటే, ఆ కంట్రోల్ రిఫరెన్స్ ఒక ఇన్‌పుట్‌గా బయటికి వస్తుంది. అలా వచ్చిందంటే లెక్క, తెర పని కలిసిపోయాయని అర్థం. ప్రాపర్టీ నోడ్ యూఐ థ్రెడ్‌లో (తెర పనులు చూసే వరుసలో) నడుస్తుంది కాబట్టి, వేగంగా తిరిగే లూప్‌లో అలాంటి సబ్‌వీఐ పెడితే లూప్ నెమ్మదిస్తుంది. అన్‌డూ చేసి, లెక్క భాగం వరకే మళ్లీ ఎంచుకోవడం మేలు.

వోల్టేజ్‌ను ఉష్ణోగ్రతగా మార్చే ఒక చిన్న సబ్‌వీఐతో ఇదంతా పట్టి చూడవచ్చు. 10 కిలోఓమ్ ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే సెన్సర్), దాని స్థిరాంకం బీటా 3950, సిరీస్‌లో 10 కిలోఓమ్ రెసిస్టర్, 5 వోల్టుల సప్లై, థర్మిస్టర్ గ్రౌండ్ వైపు. వోల్టేజ్‌ను (సప్లై − వోల్టేజ్)తో భాగించి 10,000తో గుణిస్తే నిరోధం వస్తుంది. దాన్ని 10,000తో భాగించి, సహజ లాగరిథం తీసి, 3950తో భాగించి, 1/298.15 కలిపి, మొత్తాన్ని తిరగేస్తే కెల్విన్. 273.15 తీసేస్తే సెల్సియస్. 2.5 వోల్టులు ఇస్తే సరిగ్గా 25 డిగ్రీలు రావాలి. రాకపోతే ఎక్కడో వైరు తప్పింది.

ఇందులో వోల్టేజ్ టెర్మినల్‌ను రిక్వైర్డ్ (వైరు తప్పనిసరి) చెయ్యాలి. కనెక్టర్ పేన్ మీద రైట్ క్లిక్ చేసి ‘దిస్ కనెక్షన్ ఈజ్’లో మార్చవచ్చు. రికమెండెడ్‌గా వదిలేస్తే, వైరు కలపడం మర్చిపోయినా ప్రోగ్రాం నడుస్తుంది, కంట్రోల్‌లో ఉన్న డిఫాల్ట్ సున్నా లోపలికి పోతుంది, ఫలితం −273.15 వస్తుంది. థర్మిస్టర్ షార్ట్ అయినా ఇదే అంకె, వైరు తెగి 5 వోల్టులు కనిపించినా ఇదే అంకె. సున్నాతో భాగిస్తే ల్యాబ్‌వ్యూ ఎర్రర్ ఇవ్వదు, ఇన్ఫినిటీ ఇచ్చి ముందుకు సాగుతుంది. కాబట్టి వోల్టేజ్ 0.05 కన్నా తక్కువైనా 4.95 కన్నా ఎక్కువైనా ఎర్రర్ పుట్టించే తనిఖీ సబ్‌వీఐలోపలే ఉండాలి. పిలిచేవాళ్లు చూసుకుంటారని వదిలితే ఎవరూ చూడరు. సప్లై, బీటా మాత్రం ఆప్షనల్. వాటి కంట్రోళ్లలో 5, 3950 పెట్టి డిఫాల్ట్‌గా నిలపాలి. కంట్రోల్-హెచ్ నొక్కితే వచ్చే కాంటెక్స్ట్ హెల్ప్‌లో రిక్వైర్డ్ పేర్లు మందపాటి అక్షరాల్లో, ఆప్షనల్ పేర్లు వెలిసిపోయి కనిపిస్తాయి.

డిఫాల్ట్‌తో ఇంకో చిక్కు ఉంది. పరీక్షించేటప్పుడు ‘మేక్ కరెంట్ వాల్యూస్ డిఫాల్ట్’ నొక్కితే, ప్యానెల్ మీద ఉన్న వేల రీడింగుల అర్రే కూడా ఫైల్‌లో చేరుతుంది. ఫైల్ ఉబ్బుతుంది, పాత డేటా కొత్త పరుగులో తేలుతుంది. కంట్రోల్ ఒక్కోదానికి విడిగా డిఫాల్ట్ పెట్టాలి, అర్రేలను ఖాళీ చేశాకే సేవ్ చెయ్యాలి.

ఎర్రర్ ఇన్‌ను (ముందు నోడ్ నుంచి వచ్చే ఎర్రర్ సమాచారాన్ని) కేస్ స్ట్రక్చర్‌కు (షరతును బట్టి ఒక దారి ఎంచే పెట్టెకు) కలిపి, ఎర్రర్ ఉంటే పని దాటేయడం మంచి అలవాటు. ఎర్రర్ వైపు కేసులో సెల్సియస్ టనెల్‌ను (పెట్టె అంచున వైరు దాటే చోటును) ‘యూజ్ డిఫాల్ట్ ఇఫ్ అన్‌వైర్డ్’గా వదిలితే సున్నా వస్తుంది. సున్నా డిగ్రీలు నిజమైన ఉష్ణోగ్రతే కదా, గ్రాఫ్‌లో ఎవరికీ అనుమానం రాదు. అక్కడ ఎన్‌ఏఎన్ (‘అంకె కాదు’ అనే విలువ) స్థిరాంకం కలిపితే గ్రాఫ్‌లో ఖాళీ పడి తప్పు కంటికి కనిపిస్తుంది. ఫైల్ మూసే, పోర్ట్ వదిలే సబ్‌వీఐలకు ఈ కేస్ వద్దు, అవి ఎర్రర్ ఉన్నా నడవాలి. కంట్రోళ్ల, ఇండికేటర్ల టెర్మినళ్లను ఏ కేస్‌లోనూ ఏ లూప్‌లోనూ పెట్టకుండా డయాగ్రామ్ పైస్థాయిలో ఉంచితే, పెద్ద అర్రేలకు అనవసరమైన కాపీలు తగ్గుతాయి.

అన్నిటికన్నా ఎక్కువ గంటలు మింగేది రీఎంట్రన్సీ, అంటే ఒకే వీఐ ఒకేసారి పలుచోట్ల నడవగలగడం. కొత్త వీఐ మామూలుగా నాన్-రీఎంట్రంట్. అంటే ఎన్ని చోట్ల పిలిచినా మెమరీలో దాని డేటా ఒక్కటే, ఒకరు వాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పై సబ్‌వీఐకి తోడుగా, ఇనిషియలైజ్ చేయని షిఫ్ట్ రిజిస్టర్‌తో (లూప్‌లో పాత విలువను గుర్తుంచుకునే చోటుతో) 10 రీడింగుల సగటు తీసే ఫిల్టర్ ఒకటి చేశామనుకోండి. ఒక ఛానల్ 25 డిగ్రీలు, ఇంకోటి 80 డిగ్రీలు చూపాల్సిన చోట రెండూ 52 దగ్గర ఊగుతుంటాయి, ఎందుకంటే రెంటి రీడింగులూ ఒకే బఫర్‌లో పడుతున్నాయి. వీఐ ప్రాపర్టీస్‌లో ఎగ్జిక్యూషన్ పేజీకి వెళ్లి ‘ప్రీఅలకేటెడ్ క్లోన్’ (ముందే కేటాయించిన నకలు) ఎంచుకుంటే ప్రతి పిలుపు చోటుకూ సొంత డేటా దక్కుతుంది. ‘షేర్డ్ క్లోన్’ మెమరీ ఆదా చేస్తుంది కానీ, ఏ పిలుపుకు ఏ క్లోన్ దొరుకుతుందో చెప్పలేం. గతాన్ని గుర్తుంచుకునే సబ్‌వీఐకి అది పనికిరాదు.

ఇక్కడే చాలామంది జారిపడే చోటు ఇంకొకటుంది. 8 ఛానళ్లను ఫర్ లూప్‌లో తిప్పి ఈ ఫిల్టర్‌ను పిలిస్తే, డయాగ్రామ్‌లో నోడ్ ఒక్కటే కాబట్టి ప్రీఅలకేటెడ్ అయినా క్లోన్ ఒక్కటే, బఫర్ మళ్లీ కలిసిపోతుంది. అప్పుడు బఫర్‌ను సబ్‌వీఐ లోపల దాచకుండా, ఛానల్‌కొక వరుస ఉండే అర్రేగా బయటి లూప్ షిఫ్ట్ రిజిస్టర్‌లో తిప్పాలి. ఒకే డేటా అందరికీ కావాల్సిన ఫంక్షనల్ గ్లోబల్‌కు మాత్రం నాన్-రీఎంట్రంటే సరైనది.

కనెక్టర్ పేన్‌కు రెండే టెర్మినళ్లు చాలినా 4×2×2×4 నమూనానే ఉంచండి. మిగిలినవి రేపటికి ఖాళీగా ఉంటాయి. గరిష్ఠం 28 కానీ, 12 దాటుతున్నాయంటే క్లస్టర్ (పలు విలువల మూట) అవసరం వచ్చినట్టు, ఆ క్లస్టర్‌ను టైప్‌డెఫ్‌గా (ఒకచోట మార్చితే అన్నిచోట్లా మారే నిర్వచనంగా) సేవ్ చెయ్యాలి. లేదంటే ఒక ఫీల్డ్ చేర్చినప్పుడు ప్రతి పిలుపు చోటా చేత్తో దిద్దాలి. నమూనా మధ్యలో మార్చితే పిలిచే వీఐలన్నిటిలో రన్ బాణం విరుగుతుంది (అంటే అవి నడవవు), ఒక్కో చోట ‘రీలింక్ టు సబ్‌వీఐ’ నొక్కుకుంటూ పోవాలి. ఐకాన్ 32×32 పిక్సెళ్లే. బొమ్మకోసం తంటాలు పడేకన్నా మూడు పొట్టి మాటలు రాస్తే చాలు.

ఫైళ్ల విషయంలో నా అసంతృప్తి పెద్దది. ఒకే పేరున్న రెండు వీఐలు ఒకే అప్లికేషన్ ఇన్‌స్టెన్స్‌లో (మెమరీలోని ఒకే ఆవరణలో) కలిసి ఉండలేవు. పాత ప్రాజెక్టు ఫోల్డర్‌ను కాపీ చేసి తెరిస్తే, అప్పటికే మెమరీలో ఉన్న పాత ఫోల్డర్ వీఐకే లింక్ అయిపోవచ్చు. మీరు ఒకటి దిద్దుతుంటే నడిచేది మరొకటి. నివారణ ఏమిటంటే, పంచుకునే సబ్‌వీఐలను లైబ్రరీలో పెడితే పేరుకు ముందు లైబ్రరీ పేరు చేరుతుంది. ఫైళ్లను విండోస్ ఫోల్డర్‌లో కాక ప్రాజెక్టు విండోలోని ఫైల్స్ ట్యాబ్‌లో జరపాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన వీఐ పాతదానిలో తెరుచుకోదు, ‘సేవ్ ఫర్ ప్రీవియస్ వెర్షన్’ వాడాలి. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) వాడేవాళ్లు కంపైల్డ్ కోడ్‌ను సోర్స్ నుంచి వేరు చేసే ఆప్షన్ పెట్టుకోవాలి. లేకపోతే ఒక టైప్‌డెఫ్ మారగానే, ముట్టుకోని వీఐలు కూడా మారిన జాబితాలో చేరతాయి.

వేగం మీద బెంగతో సబ్‌వీఐలు మానుకోనక్కర్లేదు. పిలుపు ఖర్చు చాలా చిన్నది. లక్షల సార్లు తిరిగే లూప్‌లో అదీ బరువనిపిస్తే 2010 వెర్షన్ నుంచి ఇన్‌లైన్ (సబ్‌వీఐ కోడ్‌ను పిలిచిన చోటే అతికించడం) ఉంది. 2017లో వచ్చిన మాలియబుల్ వీఐ ఒకే డయాగ్రామ్‌తో వేర్వేరు డేటా టైపులకు పనిచేస్తుంది, పాత పాలీమార్ఫిక్ పద్ధతిలో టైపుకొక వీఐ రాసే చాకిరీ తప్పింది. అదీ ఇన్‌లైన్ అయ్యేదే. ఇన్‌లైన్ చేశాక లోపల బ్రేక్‌పాయింట్ గానీ ప్రోబ్ గానీ పనిచేయవు. అందుకే 2.5 వోల్టులకు 25 డిగ్రీలు, 0కీ 5కీ ఎర్రర్ వస్తున్నాయని మామూలు సబ్‌వీఐగా ఉన్నప్పుడే చూసుకుని, ఆ తర్వాత ఇన్‌లైన్ టిక్కు పెట్టండి.