గాలితో నడిచే సంప్ క్లీనర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది జీడిమెట్లలో చిన్న జాబ్‌వర్క్ షాపు. సంప్ అంటే మెషిన్లకి ఉండే నూనె తొట్టి. అందులోని నూనెని, మడ్డిని ఈ క్లీనర్ కంప్రెసర్ గాలి బలంతో పీల్చి డ్రమ్ములోకి పంపుతుంది. ఇది కొనకముందు సంప్ కడగడమంటే మగ్గు, బకెట్, బనియన్ వేస్ట్ (తుడవడానికి వాడే పాత బనియన్ గుడ్డ ముక్కలు). మోచేతి దాకా నూనెలో ముంచి అడుగున మడ్డిని గుప్పిళ్లతో తోడేవాళ్లం. అందులోని ఇనుప రజను గోళ్ల సందుల్లో గుచ్చుకుంటే రెండు రోజులు అన్నం కలుపుకోవాలన్నా చెయ్యి మండేది. ఇప్పుడా బాధ లేదు. ఈ మెషిన్ మీద నా ఇష్టమంతా అందుకే.

డ్రమ్ము నిండగానే లోపలి ఫ్లోట్ (నూనె మీద తేలే బిళ్ల) లేచి పీల్చడం ఆపేస్తుందని మొదట్లో తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. మూడో ఏడాది హైడ్రాలిక్ ప్రెస్ (నూనె ఒత్తిడితో నడిచే మెషిన్) ట్యాంకు ఖాళీ చేస్తున్నాం. ట్యాంకులో 180 లీటర్లు. మా 200 లీటర్ల డ్రమ్ములో పాత నూనె అప్పటికే కొంత ఉంది. నిండితే అదే ఆగుతుందిలే అనుకుని నేను పక్క మెషిన్ దగ్గరికి వెళ్లాను. క్లీనర్‌లోంచి గాలి బయటికి పోయేది సైలెన్సర్ గుండా. "అన్నా, సైలెన్సర్‌లోంచి నూనె చిమ్ముతోంది!" అని హెల్పర్ అరిచాడు. పరుగెత్తి గాలి వాల్వ్ కట్టేసేలోపే నేలంతా నూనె. ఆ కుర్రాడు జారి మోకాలు వాచేలా పడ్డాడు. క్లీనర్ పైభాగం విప్పి చూస్తే ఫ్లోట్ కడ్డీకి బనియన్ వేస్ట్ పోగులు చుట్టుకుని, వాటిమీద మడ్డి గట్టిపడి ఉంది. అంటే మేం తుడిచిన గుడ్డే కారణం.

అప్పటినుంచి పోగులు రాలని గుడ్డే వాడుతున్నాం. హోస్ ముందు జల్లెడ బుట్ట పెట్టాం. మధ్యమధ్యలో గాలి ఆపి కర్రతో మట్టం చూస్తాం, ఫ్లోట్‌ని నమ్మి వదిలేయం. పని మొదలుపెట్టే ముందు ప్రెస్ ర్యామ్ (పైకీ కిందికీ కదిలే బరువైన భాగం) కిందికి దించి, మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, ప్రెషర్ గేజ్ సున్నా చూపించాకే మూత తీస్తాం. కిరోసిన్ పోసి కడిగి ఇందులోకి పీల్చనివ్వను, అంటుకునే ప్రమాదం ఉంది. కరెంటు మోటారు లేకపోయినా హోస్‌లో ద్రవం పరుగెత్తేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది, దానివల్ల నిప్పురవ్వ రావచ్చు, అందుకే డ్రమ్ముకి ఎర్తింగ్ వైరు తప్పనిసరి.

పావుగంటలో పని అయిపోతుందని కూడా ఇదివరకు తెలిసినవాళ్లకి చెప్పాను. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే ఆ మాట నిజం. గాలి కూడా విపరీతంగా తాగుతుంది. మా 5 హెచ్‌పీ కంప్రెసర్ మీద ఇది నడుస్తుంటే వీఎంసీకి (అదే గాలి వాడుకునే, కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) గాలి చాలక ఎయిర్ ప్రెషర్ అలారం వస్తుంది. అందుకే ఆదివారాలే వాడతాం.

మావి నాలుగు మెషిన్లు, నెలకి ఒక సంప్ వంతు. రోజూ సంపులు కడిగేవాళ్లకి ఇది సరిపోతుందో లేదో నేను చెప్పలేను. నేనైతే మళ్లీ ఇదే కొంటాను, కాకపోతే ముందు పెద్ద కంప్రెసర్ తీసుకుని.