ప్రకాశం బజార్ అద్దాల షాపు: రెండు అద్దాలు కొన్న, వెలుగు ఏడికి పోతదో తెలిసింది

మా బిడ్డ తొమ్మిదో తరగతి. బడిల సైన్స్ ఫెయిర్ ఉందని చెప్పి, ఒకనాడు రాత్రి అన్నం తినుకుంట అడిగింది, "డాడీ, ఒక రూముకు నాలుగు గోడలు, మీద స్లాబు, కింద బండలు అన్నిటికీ అద్దాలే పెట్టి లైటేసి మళ్ల బంద్ చేస్తే ఆ వెలుగు ఏడికి పోతది? బయటికి పోనీకి సందు లేదు కదా" అని. నేను డిగ్రీల ఫిజిక్స్ చదివిన్నే గానీ ఇరవై ఏండ్ల సంది ఎరువుల షాపు నడుపుతున్న, యూరియా స్టాకు వచ్చిందా అని అడిగేటోళ్లకు తప్ప జవాబు చెప్పే అలవాటు పోయింది. "ముందు తిను" అన్న. కానీ నాకే నిద్ర పట్టలే.

గందుకే అద్దాలు కొననీకి పోయిన. రివ్యూ ఆ షాపుదీ, ఆ అద్దాలదీ, మధ్యల ఆన్‌లైన్ల తెప్పించి చేతులు కాల్చుకున్న ఇంకో అద్దందీ.

షాపు నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ దిక్కు పోతే లోపల సందుల ఉంటది, బోర్డు చిన్నగ ఉంటది, అద్దాల షాపు ఏది అంటే ఎవరన్న చూపిస్తరు. నడిపే ఆయన పెద్దమనిషి, అందరు చాచా అనే పిలుస్తరు, నేను గూడ అంతే. అడుగుకు అడుగు రెండు ముక్కలు కావాలె అని చెప్పిన. ఏం అద్దం బేటా, సాదానా సిల్వరా అని అడిగిండు. రెండిటికి ఫరక్ ఏంది చాచా అంటే నవ్వి, "మొఖం చూస్కుంటె ఏం ఫరక్ తెల్వదు, పైసలు ఇచ్చేటప్పుడు తెలుస్తది" అన్నడు. నిజానికి చాచా చెప్పింది ఫిజిక్సే. సాదా అంటే గాజు ఎనక అల్యూమినియం పూత, పడ్డ వెలుగుల నూటికి తొంభై దాక వాపస్ పంపుతది. వెండి పూతైతే తొంభై అయిదు పైననే. అయితే వెలుగు గాజుల నుంచి పోయి గాజుల నుంచే రావాలె, గాజు కూడ తన వాటా తింటది, అందుకని మామూలు వెండి అద్దం గూడ మన చేతికి వచ్చేసరికి తొంభై చిల్లరనే అనుకోండ్రి. ఒక్కసారి కొట్టుకొని వచ్చిన వెలుగుల తొంభైకీ తొంభై అయిదుకీ తేడా మన కన్ను పట్టలేదు.

పట్టాలంటే ఎదురెదురుగ పెట్టాలె. మంగలి షాపుల చూస్తం కదా, ముందటొక అద్దం ఎనకొక అద్దం, మన తలకాయలు వరసగ రైలు డబ్బాల లెక్క. కానీ ఆడ కూసుంటె మన తలకాయనే మనకు అడ్డం, ఎంత పక్కకు వంగినా లోపలి దాక కనపడదు. ఇది చాచాకు చెప్పిన, సైన్స్ ఫెయిర్ కోసం అని గూడ చెప్పిన. ఆయన ఏం మాట్లాడకుండ ఒక అద్దం బోర్ల పెట్టి, నడుమ రూపాయి బిళ్ల పెట్టి పెన్సిల్‌తోని గీసి, బ్లేడు తీస్కొని ఎనక పెయింటూ దాని కింది వెండీ మెల్లగ గీకి తీసేసిండు. రూపాయంత కిటికీ. ఎనక నుంచి కన్ను పెట్టి చూడు అన్నడు. ఇంత తెలివైన పనికి పైసలు తీసుకోలే, నిజంగ నేను ఈ రివ్యూ రాస్తున్నది ఆ రంధ్రం కోసమే.

కటింగ్ గురించి జర చెప్తా. కట్టర్‌ను కిరోసిన్ల ముంచి ఒకే ఒక్క గీటు, మళ్ల మళ్ల గీయడు, టేబుల్ అంచుకు పెట్టి టక్కుమనిపిస్తె దారం లెక్క విరిగింది. అంచులు పాలిష్ పట్టించిండు, బిడ్డ చేతులు కోసుకోవద్దని నేను అడగకముందే. నేను తీసుకున్నది 5 ఎం.ఎం. సిల్వర్, రెండు ముక్కలూ పాలిషూ కలిపి 280 అయినయి. బేరం చేస్తె 260 చేసిండు.

ఇంటికొచ్చినంక కరెంటు బంద్ చేసి, రెండు అద్దాలు జానెడు దూరంల నిలబెట్టి నడుమ దీపం పెట్టినం. బిడ్డ రంధ్రంల నుంచి చూసుకుంట లెక్క పెట్టింది. ఇరవై, ఇరవై రెండు దాక మంచిగ లెక్కకు వచ్చినయి, ఆ తర్వాత దీపాలు పచ్చబడుకుంట పచ్చబడుకుంట చీకట్ల కలిసిపోయినయి. దూరం కాబట్టి మసకైతున్నయి అన్నది. లేదురా, దూరానికి చిన్నగైతయి అంతే, మసకబారేది ప్రతి దెబ్బకూ అద్దం కొంచెం మింగుతున్నందుకు అని చెప్పి కాయితం మీద లెక్క చేసినం. దెబ్బకు తొంభై శాతం వాపస్ వస్తె పది దెబ్బలకు 35 శాతం మిగులుతది, ఇరవైకి 12. తొంభై అయిదైతే పదికి 60, ఇరవైకి 36. ఎరువుల అప్పుకు వడ్డీ చక్రం తిరిగినట్టే, కాకపోతె ఇది పెరగదు, కరుగుతది.

మరి పచ్చగ ఎందుకు? గాజు పలక అంచు దిక్కు నుంచి చూడండ్రి, ఆకుపచ్చగ ఉంటది. మామూలు గాజుల ఇనుము కొంచెం కలిసి ఉంటది, అది ఎరుపును ఎక్కువ తింటది పచ్చను తక్కువ తింటది. 5 ఎం.ఎం. అద్దంల ఒక్క దెబ్బకు వెలుగు పోయేటప్పుడు అయిదు, వచ్చేటప్పుడు అయిదు, మొత్తం సెంటీమీటర్ గాజు దాటుతది. ఇరవయ్యో దీపం అంటే ఇరవై సెంటీమీటర్ల గాజు దాటి వచ్చిన దీపం అన్నట్టు. పచ్చగ కాకుంటె ఏమైతది.

తేడా చూద్దామని మా ఇంట్ల పాత ప్లాస్టిక్ అద్దాలు, అతికించే షీట్లు ఉంటయి కదా, అవి రెండు పెట్టి చూసినం. ఏడో దీపం దాటలే. వంకర టింకర, జాతర్ల నవ్వించే అద్దాల లెక్క. అవి గోడకు డిజైన్ కోసమే, కొనకండ్రి అనను గానీ దీనికి పనికి రావు.

ఇగ ఆన్‌లైన్ కథ. ముందుపూత అద్దం అని ఉంటది, గాజు ఎనక కాకుండ ముందటనే పూత. ఎందుకు కావాలంటె, మన చాచా అద్దానికి ఒక చిన్న ఐబు ఉంది, చాచాది కాదు, అన్ని ఇంటి అద్దాలదీ. చీకట్ల అగరుబత్తి ముట్టించి అద్దానికి జర ఏటవాలుగ పట్టుకోండ్రి. ఒక నిప్పు చుక్క కాదు, మూడు నాలుగు కనపడతయి. మొదటిది మసకగ, అది గాజు ముందుముఖం నుంచి వచ్చింది, గాజు ఎంత మంచిదైనా నూటికి నాలుగు అక్కడనే వాపస్ కొడుతది. రెండోది జిగేల్‌మని, అది అసలు వెండిది. ఆ తర్వాతవి లోపల అటు ఇటు కొట్టుకొని వచ్చిన మిగులు. పెన్ను మొన అద్దానికి ఆనించి చూసినా తెలుస్తది, మొనకూ దాని బొమ్మకూ నడుమ ఆరేడు మిల్లీమీటర్ల సందు. ముందుపూత అద్దంల ఆ సందు ఉండదు, మొన మొనకు తాకుతది. టెలిస్కోపులకు అందుకే ముందుపూత వాడుతరు. మన సాగర్ రోడ్డుకు దగ్గర్ల జాపాల్ రంగాపూర్ల ఉస్మానియావాళ్ల అబ్జర్వేటరీ ఉంది కదా, 48 అంగుళాల అద్దం టెలిస్కోపు, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం చూడనీకి సైంటిస్టులు ఆడికి గూడ వచ్చిండ్రు. మా నాయిన ఆనాడు కోళ్లు మధ్యాహ్నమే గూట్ల దూరినయని ఇప్పటికీ చెప్తడు.

సరే, ఆ అమ్మేటోళ్ల పేరు రాయను. పేజీల "వంద శాతం పరావర్తనం" అని రాసిండ్రు. వంద శాతం అనేది లోకంల ఏ అద్దానికీ లేదు, అది చూసినప్పుడే ఆగాల్సింది. నాలుగు అంగుళాల ముక్కకు 900 పెట్టిన. ఒక్క పొర బబుల్ కవర్ల వచ్చింది, ఒక మూల పలిగి ఉంది. ఫోటోలు పెడితె వారం తిప్పలు పెట్టి సగం పైసలు ఇచ్చిండ్రు. మిగతా తప్పు నాదే. మీద వేలిముద్ర పడ్డదని లుంగీ అంచుతోని తుడిచిన, అంతే, పూత మీద సన్నటి గీతలు జుయ్యిమని పడ్డయి. ఎనకపూత అద్దంల గాజే వెండికి కాపలా, ముందుపూతల కాపలా ఎవ్వరు లేరు. దాన్ని చేత్తోని ముట్టుకోవద్దు, దుమ్ము పడితె ఊదాలె గంతే.

ఇప్పుడు బిడ్డ రూము సంగతి. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతది. పది ఫీట్ల రూముల గోడ నుంచి గోడకు, సుమారు మూడు మీటర్లు అనుకుంటె, సెకనుకు పది కోట్ల దెబ్బలు. తొంభై శాతం అద్దాలైతే వంద దెబ్బలకు లక్షల మూడు వంతులు కూడ మిగలదు, ఆ వంద దెబ్బలకు పట్టే టైమ్ సెకన్ల పదిలక్షల వంతు. స్విచ్చు టక్కుమన్న చప్పుడు చెవికి చేరకముందే అయిపోతది. ఏడికి పోయింది అంటే అద్దంలకే, వెండిల ఎలక్ట్రాన్లను ఊపి వేడిగ మారిపోయింది, అద్దం మనకు తెలియనంత వెచ్చబడ్డది. సందు లేదు అనుకున్నం గానీ గోడే సందు.

అయితే ఇంకా మంచి అద్దం పెడదాం అన్నది. ఉన్నయి, కానీ వాటిల వెండి గిండి ఏం ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు రకాల పారదర్శక పొరలు, ఒక్కోటి ఆ వెలుగు అలల నాలుగో వంతు మందం, పదులకొద్ది వేస్తరు. ఒక్కో పొర హద్దుల కొంచెం కొంచెం వాపస్ వస్తది, ఆ కొంచాలన్ని అడుగుల అడుగు కలిపి నడిచినట్టు కలుస్తయి, వెలుగు దాదాపు మొత్తం ఎనకకే మర్లుతది. లోహం లేదు కాబట్టి మింగేటిది లేనట్టే. ఇదే ఇకమతు ఉల్టా చేస్తె మన కళ్లద్దాల యాంటీ గ్లేర్ కోటింగ్, పక్కకు వంచితె పచ్చగనో ఊదగనో మెరుస్తది చూడండ్రి, గదే. కాకపోతె ఏ రంగుకు, ఏ కోణానికి చేస్తరో దానికే పని చేస్తది, అన్ని రంగులకు ఒక్కతీరుగ కాదు. అమెరికాల లైగో అనే ప్రయోగశాల ఉంది, గురుత్వ తరంగాలను, అంటె స్థలకాలంల లేచే సన్నటి అలలను, 2015 సెప్టెంబర్ 14 నాడు మొదటిసారి పట్టింది, దాంట్ల ఇట్లాంటి అద్దాలే, ఒక్కోటి 40 కిలోలు. 33 లక్షల ఫోటాన్లు, అంటె వెలుగు కణాలు, పడితె ఒక్కటి మింగుతదట. నాలుగు కిలోమీటర్ల గొట్టంల లేజర్‌ను సుమారు మూడు వందల సార్లు అటు ఇటు తిప్పుతరు. మన దేశంది మహారాష్ట్ర హింగోలి జిల్లాల కడుతున్నరు, మనకు మరీ దూరం ఏం కాదు.

అసొంటివి, పది లక్షలకు ఒక్కటే పోయేటివి రూమంత పెట్టినమనుకోండ్రి. స్విచ్ బంద్ చేసినంక సెకన్ల వందో వంతుకు మూడో వంతు పైన మిగిలే ఉంటది, కానీ పదో వంతు సెకనుకు పదివేలల్ల ఒక వంతు గూడ ఉండదు. రెప్ప కొట్టే లోపల ఖతం. అది కూడ రూముల ఎవ్వరు లేకుంటె. నువ్వు పోయి నిలబడితె నీ డ్రెస్సూ నీ జుట్టే మింగేస్తయి అన్న. దానికి మాత్రం బాగ నిరాశ అయ్యింది. అసలు అద్దమే లేకుండ వెలుగును మన మాట వినేటట్టు చేసిండ్రు కదా అని ఆదివారం పానగల్ ఛాయా సోమేశ్వరాలయం తీసుకపోయిన, పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిల నీడ కదలకుండ ఉంటది, స్తంభాల నడుమ నుంచి లోపలికొచ్చే వెలుగు ఏర్పాటే అంత. అక్కడ గంట సేపు నిలబడ్డది.

షాపు రేటింగ్ అయిదుకు నాలుగున్నర. అర ఎందుకు కోసిన అంటె, అతికించనీకి సిలికాన్ అడిగితె పక్క షాపు నుంచి పిల్లగాడు తెచ్చిచ్చింది పులుపు వాసన, సిర్కా లెక్క వచ్చేది. అది అద్దం ఎనక రాస్తె మెల్లగ వెండిని తిని నల్ల మచ్చలు తెస్తది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండ్రి, నేను వాపస్ ఇచ్చి మార్పించిన. ఇంకోటి, మన బోరు నీళ్లతోని అద్దం కడిగి ఆరనియ్యకండ్రి, తెల్ల చారలు గట్టిపడితె పోవు, ఫిల్టర్ నీళ్లతోని తడిపిన బట్ట చాలు.

అద్దం తెచ్చుకునేటప్పుడు ఇంటి నుంచి పాత చద్దరు ఒకటి పట్టుకపోండ్రి, ఆటోల పండబెట్టకుండ నిలువుగ పట్టుకోవాలె. శుక్రవారం మధ్యాహ్నం పోకండ్రి, నమాజుకు షట్టర్ దించుతడు, మూడింటికి గానీ తెరవడు. రంధ్రం కావాలంటె సైన్స్ ఫెయిర్ కోసం అని చెప్పండ్రి, చాచా తన ముచ్చటకు తనే గీకుతడు.