పాత వెబ్లీ మార్క్ 4, .32 బోర్: పర్లాకిమిడి వైపు మొదటిసారి కొనేవాళ్ళకి

పాత రివాల్వర్లు సేకరించాలని, అప్పుడప్పుడూ రేంజిలో కాల్చాలని ఉన్నవాళ్ళకి మొదటి కొనుగోలుగా వెబ్లీ అండ్ స్కాట్ వారి మార్క్ 4, .32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) చెప్తాం. బర్మింగ్‌హామ్ తయారీ, ఆరు రౌండ్లు, పైన తాళం నొక్కి బారెల్ కిందికి వంచితే ఖాళీ కేసులన్నీ (పేలిన తూటాల తొడుగులు) ఒకేసారి పైకి లేస్తాయి. వెనక నుంచి గొట్టం తిన్నగా కనబడుతుంది కాబట్టి తుడవడం తేలిక.

దీని అన్నలాంటిది .38 మార్క్ 4. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడింది, చూడ్డానికి ఇంకా దిట్టంగా ఉంటుంది. దానికి ముచ్చటపడొద్దు. .380 (ఈ .38 తూటాయే), .455 సర్వీసు తూటాలు పట్టే రివాల్వర్లు మన దేశంలో నిషిద్ధ బోర్ కిందికి వస్తాయి, మామూలు లైసెన్సు మీద దొరకవు. బారెల్ మీద బోర్ ముద్ర చదివాకే బేరం మొదలుపెట్టండి.

తూటా దగ్గర జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. దీనికి కావలసింది .32 ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్, అంటే రివాల్వర్ తూటా. .32 పిస్టల్ తూటా (7.65 మి.మీ.) పొట్టిది, రిమ్ము (అడుగు అంచు) సన్నం. చాలాసార్లు ఇందులో దూరిపోతుంది, పేలుతుంది కూడా. కానీ దాని పీడనం ఎక్కువ, పాత టాప్ బ్రేక్ (పైన తెరిచి బారెల్ వంచే) తాళం దాన్ని మోయడానికి చేసింది కాదు. దుకాణంలో ఉత్తినే "థర్టీటూ" అనకండి, "రివాల్వర్‌ది" అని అడిగి డబ్బా మీద పేరు చూసి తీసుకోండి.

చేతిలోకి రాగానే తెరిచి సిలిండర్‌లో తూటాలు కూర్చునే ఆరు గదులూ ఖాళీయేనని కళ్ళతో చూసి, వేలితో తడిమి, అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలి. ముందు తాళం. మూసి, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బారెల్ పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. టకటకమంటే తాళమో, కీలు పిన్నో అరిగినట్టే. మెరుగు ఎంత బాగున్నా వదిలేయండి, ఈ మోడల్‌లో అన్నిటికన్నా ఖరీదైన మరమ్మతు అదే. తర్వాత హామర్ మెల్లగా వెనక్కి లాగండి. అది పూర్తిగా నిలిచేసరికి సిలిండర్ కూడా తాళం పడి ఉండాలి. ఒక్క గదిలో వెనకబడినా తూటా బారెల్ అంచుని గీరి, సీసం పక్కకి చిమ్ముతుంది. ఆరింటికీ చూడాలి, ఒకటి చూసి సరిపెట్టుకోవద్దు. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు ఫీలర్ గేజితో (సన్నటి రేకుల కొలబద్ద) కొలిస్తే 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉంటే హాయి. 0.25 దాటితే బేరం తగ్గించడం కాదు, లేచి వచ్చేయడమే. లోపలి మెయిన్ స్ప్రింగ్ వి ఆకారంలో మడిచిన పట్టీ, ముసలిదైతే ఉన్నట్టుండి విరుగుతుంది. కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం .32 రివాల్వర్ పోలికలో ఇలాంటిదే గానీ దాని విడిభాగాలు ఇందులో నేరుగా కూర్చుంటాయని నమ్ముకోవద్దు. ఉత్తి ట్రిగ్గర్ సాధనకి స్నాప్ క్యాపులు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వాడండి.

కాల్చడం లైసెన్సున్న రేంజిలోనే. మామిడితోట, కొండవార, పెళ్ళి ఊరేగింపు ఇవేవీ రేంజి కావు. ఊరేగింపులో ఇతరుల ప్రాణాలకి ముప్పు వచ్చేలా కాలిస్తే ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకూ జైలు, లేదా లక్ష వరకూ జరిమానా, లేదా రెండూ. మొదట 10 మీటర్లు, హామర్ లాగి ఒక్కొక్కటే, పూటకి 24 రౌండ్లు చాలు. బొటనవేలు సిలిండర్ సందు పక్కకి పోకూడదు, అక్కణ్ణుంచి వేడి వాయువు వస్తుంది. శబ్దం "టుప్" మని నీరసంగా వస్తే ఆగిపోండి, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. అస్సలు పేలకపోతే అర నిమిషం టార్గెట్ వైపే పట్టుకుని ఉండి అప్పుడు తెరవండి. కేసులు తీసేటప్పుడు మూతి కిందికి పెట్టి నెమ్మదిగా తెరిస్తే ఒక కేసు రిమ్ము నక్షత్రం (కేసుల్ని పైకి లేపే పలక) కిందికి జారి ఇరుక్కుంటుంది. మూతి టార్గెట్ వైపే ఉంచి, రివాల్వర్‌ని పక్కకి వాల్చి ఒక్క ఊపున తెరవండి.

మహేంద్రగిరి వానలకి తోలు ఒర తేమ పట్టేస్తుంది, అందులో పెట్టిన ఇనుము నెలకే మచ్చలేస్తుంది. పలచగా నూనె రాసిన నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. నికెల్ పూత ఉన్నదానికి అమ్మోనియా కలిసిన సాల్వెంటు వద్దు, పూత కిందికి పోయి పొరలు లేపుతుంది.

కాగితాల విషయానికొస్తే, లైసెన్సుదారు దగ్గర కొంటే అమ్మేవాళ్ళు కలెక్టరుకో దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలి. మీ లైసెన్సులో ఏరియా గడి చదువుకోండి. ఒడిశా వరకే అని ఉంటే పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నానికి కూడా వెంట తీసుకెళ్ళకూడదు. ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పజెప్పమంటే, ముందు రోజే గొట్టంలో, గదుల్లో నూనె పూసి, ఒర లేకుండా ఇచ్చి, సీరియల్ నంబరు వేసిన రసీదు తీసుకోండి. తిరిగొచ్చాక నూనె పూర్తిగా తుడిచే దాకా రౌండ్లు ఎక్కించొద్దు.