వంటిల్లు లేని ఇల్లు (డెన్వర్ వెళ్లే వైజాగ్ వాళ్ల కోసం)

సీతమ్మధార నుంచి డెన్వర్ వెళ్లి, అబ్బాయి దగ్గర రెండు నెలలుండి వచ్చాం. కొండల గురించి, మాల్స్ గురించి అందరూ చెప్తారు కాబట్టి అవి వదిలేస్తున్నా. నేను చెప్పేది వేరే. అదే కొలరాడో రాష్ట్రంలో, కొండల్లో ఉన్న బ్రెకన్‌రిడ్జ్ ఊళ్లో బార్నీ ఫోర్డ్ అనే ఆయన కట్టుకున్న ఇల్లుంది, ఇప్పుడది మ్యూజియం.

మన బీచ్ రోడ్డు హవామహల్ లాంటిది ఊహించుకుని మాత్రం వెళ్లకండి. చిన్న విక్టోరియన్ ఇల్లు, తొందరపడితే పది నిమిషాల్లో అయిపోతుంది. నేనూ మొదట ఇంతేనా అనుకున్నా. వంటిల్లేదీ అని వెతుకుతుంటే గైడ్ నవ్వి, కట్టినప్పుడు అసలు వంటిల్లే లేదండీ అంది. దగ్గర్లోనే సొంత హోటలుండగా ఇంట్లో మళ్లీ పొయ్యెందుకని! అల్లిపురంలో టిఫిన్ సెంటర్ నడిపే మా బాబాయి ఇన్నేళ్లొచ్చినా ఇంటికెళ్లి పిన్ని పెట్టిన చారన్నమే తింటాడు, ఈయన చూస్తే ఇలా.

అక్కణ్నుంచి కథంతా చెప్పించుకున్నాం. 1822లో వర్జీనియాలో బానిసగా పుట్టి, తప్పించుకుని షికాగో చేరాడు. ఫోర్డ్ అన్నది ఒక రైలింజన్ పేరు చూసి పెట్టుకున్నదంటారు, వాల్తేరు లోకోషెడ్‌లో రిటైరైన మా ఆయన ఆ మాట దగ్గరే ఫ్లాట్. 1860లో బంగారం కోసం కొలరాడో వస్తే, నల్లజాతివాడని గని తన పేరున రాయించుకోనివ్వలేదు. సరే అని మంగలి షాపు, హోటలు పెట్టుకుంటే 1863లో డెన్వర్ తగలబడి అవీ పోయాయి. అప్పు చేసి అదే ఏడాది ఇటుకలతో మళ్లీ లేపాడు (బ్లేక్ స్ట్రీట్‌లో ఆ బిల్డింగ్ ఇంకా ఉంది, ముందు నిలబడి ఫోటో దిగాం). కొలరాడో అప్పటికింకా రాష్ట్రం కాలేదు, నల్లవాళ్లకి ఓటివ్వని రాష్ట్రం మాకొద్దని వాషింగ్టన్ దాకా వెళ్లి పోట్లాడాడు కూడా. ఈ ఇల్లు కట్టింది 1882లో, అంటే మన స్టీల్‌ప్లాంట్ వాళ్లు రిటైరయ్యే వయసులో.

మేం వెళ్లినప్పుడు టికెట్ లేదు, డబ్బాలో తోచినంత వేశాం. ఊరు 9,600 అడుగుల ఎత్తున ఉంటుంది, అరకు ఘాట్ రోడ్డుకే చెవులు మూసుకుపోయే నాకు నాలుగడుగులేస్తే ఆయాసం. నీళ్లు తాగుతూ మెల్లగా నడవండి, పెద్దవాళ్లుంటే మరీ.

బయటికొచ్చాక ఆయన హోటల్ ఎటువైపు ఉండేదా అని కాసేపు చూశాం. ఆకలేసి కారులో కూర్చుని, పొద్దున కోడలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం.