తిరిగే ఎల్ఈడీ గడియారం: పది నెలలు వాడాక కాయిల్ గురించి

ఇంట్లో చేసుకున్న ఈ గడియారం పది నెలలుగా నా గది మూలన రోజూ సాయంత్రం తిరుగుతోంది. ఎల్ఈడీలు వరసగా ఉన్న పట్టీని మోటారు గిర్రున తిప్పుతుంటే, అవి వెలిగి ఆరే తీరుకి అంకెలు గాల్లో నిలబడినట్టు కనిపిస్తాయి. మోటారు, ఆర్డుయినో నానో (ఎల్ఈడీలను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు), హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టి చుట్టు ఎక్కడ మొదలైందో చెప్పేది) సంగతులు ఇలాంటివి చేసేవాళ్లకి తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది వైర్‌లెస్ కాయిల్ గురించి. అంటే రెండు తీగ చుట్టలు, ఒకటి రెండోదానికి తాకకుండానే కరెంటు పంపుతుంది. తిరిగే పట్టీకి కరెంటు అందించేది అదే. అది పెట్టాకే దీన్ని గడియారం అనగలిగాను.

మొదట బ్యాటరీని పట్టీ మీదే కట్టాను. ఛార్జింగ్‌కి తీసి పెట్టిన ప్రతిసారీ బరువు అటూ ఇటూ అయ్యి టేబులంతా అదిరేది. అందుకని రాగి రింగులు, కార్బన్ బ్రష్‌లకు మారాను, అంటే తిరిగే రింగుని బ్రష్ రాసుకుంటూ కరెంటు అందిస్తుంది. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఇంతకంటే మంచి పద్ధతి లేదని స్నేహితులకు కూడా చెప్పాను.

నాలుగో వారం ఒక రాత్రి అంకెలు మాయమై, మళ్లీ 12:00తో మొదలయ్యాయి. టైం సరిచేశాను. పది నిమిషాలకు మళ్లీ 12:00. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని రెండు రోజులు కోడ్ తిరగేశాను, ఏమీ దొరకలేదు. చివరికి లైట్లు ఆర్పి పక్కనుంచి చూస్తే, రింగు దగ్గర సన్నటి నీలం నిప్పురవ్వలు! మోటారు ఆపి వేలితో రాస్తే నల్లటి పొడి అంటుకుంది. బ్రష్ కాస్త ఎగిరితే చాలు, కరెంటు తెగి నానో రీసెట్ అయిపోతోంది. నానోకి కరెంటు వచ్చే చోట 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని, తెగినప్పుడు అందించేది) పెడితే కొన్నాళ్లు కుదురుకుంది. కానీ రింగు మీద గాడి పడుతూనే ఉంది, నేను పొడి తుడుస్తూనే ఉన్నాను.

అప్పుడు కాయిల్ తెచ్చాను. ఒకటి కింద ఫ్రేముకి, రెండోది పట్టీ అడుగున, మధ్యలో 3 మిల్లీమీటర్ల ఖాళీ. ఒరిపిడి లేదు, పొడి లేదు, ఆ గరగర శబ్దమూ లేదు. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు, ఒక్క తీగ కూడా తగలకుండా గాల్లో నిలబడిన అంకెల్ని చూస్తూ అరగంట కదల్లేదు. ఏడు నెలలైంది, ఒక్క రీసెట్ లేదు.

అయితే అంకెల్ని తెలుపు రంగులోకి మార్చి వెలుగు పూర్తిగా పెంచితే కథ వేరు. తెలుపు కాస్తా పసుపు తిరిగి, ఎర్రబారిపోయింది. పూర్తి తెలుపులో 16 ఎల్ఈడీలు కలిసి దాదాపు ఒక ఆంపియర్ లాగుతాయి, నా కాయిల్ అంత ఇవ్వలేదు. ఈ ఎల్ఈడీల్లో తెలుపంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిందే. వోల్టేజి జారితే ముందు నీరసపడేది నీలమే, దానికి సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి 2 చాలు. ఖాళీ తగ్గించి చూశాను. కొంచెం మెరుగైంది కానీ, పట్టీ ఏమాత్రం ఊగినా కాయిళ్లు రాసుకునేలా ఉన్నాయి. భయమేసి మళ్లీ 3 మిల్లీమీటర్లకే పెట్టేశాను.

   

నేను చీకటి పడ్డాక రెండు మూడు గంటలే వాడతాను, అదీ వెలుగు మూడో వంతుకి తగ్గించి, ఎరుపు అంకెలతో. నాకు ఈ కాయిల్ చాలు. పగటి వెలుతురులో రంగుల బొమ్మలు చూపించాలనుకునేవాళ్లకి మాత్రం దీన్నే కొనమని గట్టిగా చెప్పలేను. వాళ్లు మంచి రెడీమేడ్ స్లిప్ రింగ్ (నేను చేసుకున్న రింగులు, బ్రష్‌ల లాంటిదే, కొనుక్కునేది) కూడా ఒకసారి చూసుకోవడం మేలు.